హైబ్రిడ్ కారు మనమే నేర్చుకుందాం – 4వ పాఠం: చలి పొద్దున ఇంజిన్ వేడి

పోయిన పాఠంలో, పెట్రోలు ఇంజిన్‌తోపాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండే ఈ హైబ్రిడ్ కారులో బ్రేకు తొక్కితే బ్యాటరీలోకి కరెంటు ఎలా చేరుతుందో చూశాం. కాలవ వంతెనలు దిగేటప్పుడు యాక్సిలరేటర్ ముందే వదిలి చూడమని ఇంటిపని కూడా ఇచ్చాను. చేసినవాళ్లకు ఈపాటికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. పొద్దున ఆరింటికి బండి తీస్తే, బ్యాటరీ సగానికి పైగా ఉన్నా సరే, గేటు దాటకముందే ఇంజిన్ లేచి గురగురమంటుంది. బ్యాటరీతోనే నడవమని చెప్పే ఈవీ బటన్ నొక్కితే ఇప్పుడు కుదరదంటుంది. అదే బండి మధ్యాహ్నం పిల్లిలా చప్పుడు లేకుండా కదులుతుంది. ఏదో పాడైందని టెన్షన్ పడకండి.

పొద్దున ఇంజిన్ లేచేది బండిని లాగడానికి కాదు, తాను వేడెక్కడానికి. పొగగొట్టం దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్ సుమారు 250–300 డిగ్రీలకు చేరితే గానీ విషవాయువులను సరిగా శుభ్రం చేయదు. అందుకని మొదటి నిమిషంలో కంప్యూటర్ ఇంజిన్ వేడిని ముందు అటు మళ్లిస్తుంది. టొయోటా తరహా హైబ్రిడ్‌లలో అయితే ఆ కాసేపూ చక్రాలను తిప్పే పని ఎక్కువగా మోటారుదే. తర్వాత ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం, కూలెంట్ వంతు. అది 70 డిగ్రీల దరిదాపులకు వచ్చాక గానీ సిగ్నల్ దగ్గర ఇంజిన్ నమ్మకంగా ఆగదు. అందాకా పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది, ఆయిల్ చిక్కగా ఉండి లోపల రాపిడీ ఎక్కువే. మాన్యువల్‌లో 0డబ్ల్యూ అని మొదలయ్యే పల్చటి ఆయిల్ రాసి ఉంటే అదే పోయించండి. చిక్కటిది మంచిదని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వినకండి.

ఇంతకీ మన చలి ఏపాటిది? కోనసీమలో ధనుర్మాసం తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే వణికిపోతాం. మంచు దేశాల్లో మైనస్ 20 నుంచి 80కి ఎక్కాలంటే ఇంజిన్ వంద మెట్లెక్కాలి. మనకు 62 చాలు. అక్కడివాళ్లు ఇంజిన్ బ్లాక్‌కు కరెంటు హీటర్ పెట్టుకుంటారు, చల్లగాలి చొరబడకుండా బండి ముందు జాలీలో ఫోమ్ గొట్టాలు కుక్కుతారు. 2004 మోడల్‌గా అమెరికాకు వచ్చిన రెండో తరం ప్రియస్ హైబ్రిడ్‌లో టొయోటా ఏకంగా ఒక ఫ్లాస్కే పెట్టింది. టీ పోసుకున్నట్టు సుమారు 3 లీటర్ల వేడి కూలెంట్‌ను అందులో దాచి, మర్నాడు స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌లోకి పంపేది. మూడో తరంలో అది తీసేసి, పొగ వేడితోనే కూలెంట్‌ను కాచే ఏర్పాటు చేశారు. నాకైతే ఆ ఫ్లాస్కే ముద్దొస్తుంది.

ఇవి చూసి ఇక్కడ జాలీకి థర్మాకోల్ కట్టేవాళ్లున్నారు. వద్దు. కూలెంట్ వేడెక్కేదాకా థర్మోస్టాట్ అనే వాల్వు ఎలాగూ రేడియేటర్ దారి మూసే ఉంచుతుంది, అట్టముక్క కొత్తగా చేసే మేలు పెద్దగా ఉండదు. పైగా ఆ జాలీ వెనకే ఏసీ కండెన్సర్, బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను చల్లబరిచే రేడియేటర్ కూడా ఉంటాయి. పది గంటలకు ఎండెక్కాక అట్ట తీయడం మర్చిపోతే ఇన్వర్టర్‌కు గాలి ఆడదు.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోన్‌లో కూలెంట్ అంకె చూడండి. మొన్న ఒక పొద్దున నా బండి సంగతి ఇది: బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ దీపం వెలిగినప్పుడు 21 డిగ్రీలు. ఇంటి ముందే నిలబెట్టి మూడు నిమిషాలు ఆగితే 41. మర్నాడు కూడా 21తోనే మొదలై, సీటు బెల్టు పెట్టుకున్న వెంటనే గట్టు రోడ్డు మీద గంటకు 30, 40 వేగంతో పోనిస్తే అదే మూడు నిమిషాలకు 52. నిలబడ్డ ఇంజిన్‌కు పనుండదు, పని లేకపోతే వేడీ తక్కువే. అలాగని అదిమి తొక్కకండి. మెత్తగా పోనివ్వండి.

ఈ మొదటి నిమిషాల్లో క్యాబిన్ హీటర్ వేయకండి. అది ఊదే వెచ్చదనం కూలెంట్ నుంచి లాక్కున్నదే. అద్దం లోపలివైపు మసకబారితే ఏసీ వేసి బయటి గాలి తీసుకోండి. చాలా హైబ్రిడ్‌లలో ఏసీ కంప్రెసర్ కరెంటుదే, దానికోసం ఇంజిన్ లేవక్కర్లేదు. మంచు అద్దం బయట పడితే వైపర్ చాలు.

అసలు దుబారా అంతా చిన్న ప్రయాణాల్లోనే ఉంది. రైతు బజారు రెండు కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఇంజిన్ సగం వేడెక్కుతుంది, ఆపేస్తాం. మళ్లీ సాయంత్రం గుడికి ఇంకో రెండు కిలోమీటర్లు, మొదటి నుంచీ కథ. పండగ బట్టలకు అమలాపురం, బియ్యానికి ఊళ్లో మిల్లు, రెండు పనులూ ఉన్నాయనుకోండి. దూరం పని ముందు పెట్టి, తిరిగొస్తూ మిల్లు దగ్గర ఆగండి. బాగా కాగిన ఇంజిన్ అంత తొందరగా చల్లారదు. నా బండి 84 దగ్గర ఆపితే ముప్పావుగంట తర్వాత కూడా 66 చూపించింది.

స్కానర్ ఇంకో మేలూ చేసింది. రెండేళ్ల కిందట చలికాలంలో హైవే మీద ఎంతసేపు నడిపినా అంకె 60 దాటేది కాదు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ‘చలికి అంతే సార్’ అన్నారు. మన చలికా! ఇంకోచోట విప్పి చూస్తే థర్మోస్టాట్ తెరుచుకున్నచోటే ఇరుక్కుపోయి ఉంది. మార్చిన రోజే 80 దాటింది.

ఇంకో మాట, ఇది కోతల కాలం కాబట్టి. పొలాల్లో తిండి తగ్గాక ఎలకలు ఇళ్లవైపు వస్తాయి, రాత్రి వెచ్చటి ఇంజిన్ పక్కన చేరతాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు తట్టండి, వారానికోసారి ఎత్తి వైర్లు చూడండి. రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా వెళ్తే ఆగి బండి కిందికి వంగి చూడండి. బాగా వేడెక్కిన కన్వర్టర్‌కు వరిగడ్డి చుట్టుకుంటే నిప్పంటుకుంటుంది.

ఇంటిపని: మూడు పొద్దులు ఒకే దారిలో వెళ్లి, బయల్దేరిన అంకె, 70కి పట్టిన నిమిషాలు రాసుకోండి. ఒకరోజు నిలబెట్టి, ఒకరోజు వెంటనే బయల్దేరి, ఒకరోజు హీటర్ వేసి. వచ్చే పాఠం బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గురించి. చాలా కార్లలో దాని జాలీ వెనక సీటు దగ్గరే ఉంటుంది. ఈలోగా అక్కడ కొబ్బరికాయల సంచి ఉంటే తీసేయండి.