టెర్మినల్ బిట్‌మ్యాప్ ఫాంట్‌ను మీ కంటికి తగ్గట్టు దిద్దుకోవడం ఎలా?

లినక్స్ కన్సోల్‌లో (గ్రాఫిక్స్ లేకుండా అక్షరాలతోనే నడిచే తెరలో) గంటల తరబడి పనిచేసేవారికి ఏదో ఒక అక్షరం కంటికి అడ్డం పడుతూనే ఉంటుంది. సున్నాకూ పెద్ద 'ఓ'కూ తేడా తెలియదు. ఒకటి అంకె, చిన్న 'ఎల్', పెద్ద 'ఐ' మూడూ ఒకే నిలువు గీతలా కనిపిస్తాయి. కామాకూ ఫుల్‌స్టాప్‌కూ మధ్య ఒక్క చుక్కే తేడా ఉంటుంది. ఇలాంటప్పుడు మరో ఫాంట్ కోసం వెతకడం కన్నా, అలవాటైన ఫాంట్‌లోనే ఆ నాలుగైదు అక్షరాలను దిద్దుకోవడం మేలు. ఫాంట్ మొత్తాన్ని మొదటినుంచి గీయాలన్న ఆలోచన మాత్రం మొదట్లో పెట్టుకోవద్దు. ఆ పనికి పట్టే సమయం వేరు, కావలసిన చేయి వేరు.

ఇక్కడ చెప్పే పద్ధతి లినక్స్‌కు సంబంధించినది. ఆదేశాలను, ఫైల్ పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలతో, పదం మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వాలి.

గడి లెక్క

బిట్‌మ్యాప్ ఫాంట్‌లో వంపులు, సమీకరణాలు ఏవీ ఉండవు. ప్రతి అక్షరానికీ ఒకే కొలత గల గడి ఉంటుంది, ఆ గడిలోని ప్రతి పిక్సెల్ వెలిగి ఉంటుంది లేదా ఆరి ఉంటుంది. 8 పిక్సెళ్ల వెడల్పు, 16 పిక్సెళ్ల ఎత్తు గల గడిలో ఒక్కో వరుసకు ఒక బైట్ చొప్పున అక్షరానికి 16 బైట్లు అవుతాయి. 256 అక్షరాలకు 4096 బైట్లు చాలు. లినక్స్ కన్సోల్ వాడే పీఎస్ఎఫ్ ఫాంట్లలో మొదటి రకం ఇంతే: ముందు 4 బైట్ల హెడర్ (ఫైల్ వివరాలుండే తొలి భాగం), తరువాత ఈ బొమ్మలు, చివర ఏ బొమ్మ ఏ యూనికోడ్ అక్షరానిదో చెప్పే పట్టిక. ఈ రకంలో వెడల్పు ఎప్పుడూ 8 పిక్సెళ్లే. 32 బైట్ల హెడర్ గల రెండో రకంలో వెడల్పును కూడా మనమే నిర్ణయించుకోవచ్చు.

కన్సోల్ ఫాంట్‌లో 256 లేదా 512 బొమ్మలే ఉండగలవు. పాత వీజీఏ (పీసీల పాతకాలపు డిస్‌ప్లే ప్రమాణం) టెక్స్ట్ మోడ్‌లో 512 తీసుకుంటే రంగును సూచించే బిట్లలో ఒకటి రెండో సగం ఫాంట్‌ను ఎంచుకోవడానికి పోతుంది కనుక, అక్షరాల రంగులు 16 నుంచి 8కి తగ్గుతాయి. ఇదే పద్ధతిలో తెలుగు ఫాంట్ కూడా చేసుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని గుణింతం గుర్తో వత్తో హల్లుతో కలిసినప్పుడు రూపాన్ని మార్చి చూపే ఏర్పాటు ఈ కన్సోల్‌లో లేదు. బొమ్మలను ఎంత చక్కగా దిద్దినా ఆ లోటు తీరదు.

ఏ ఫైల్‌ను దిద్దాలి?

పీఎస్ఎఫ్ బైనరీ ఫైల్ కనుక దాన్ని నేరుగా ముట్టుకోవడం కన్నా, అదే ఫాంట్‌కు బీడీఎఫ్ రూపం దొరుకుతుందేమో ముందు చూడండి. బీడీఎఫ్ అనేది అడోబ్ రూపొందించిన సాదా టెక్స్ట్ ఫార్మాట్. ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది. చాలామంది వాడే టెర్మినస్ ఫాంట్ మూలంలో బీడీఎఫ్ ఫైళ్లే ఉంటాయి. మొదటిసారి చేసేవారికి అదే తగినది. దాని ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్సు) సవరణలను అనుమతిస్తుంది, కాని సవరించిన ఫాంట్‌ను ఇతరులకు ఇచ్చేటప్పుడు అసలు పేరు వాడకూడదంటుంది. అందుకే నకలు తీసుకున్న వెంటనే ఫైల్ పేరును, లోపల 'ఫాంట్' అని మొదలయ్యే పంక్తిలోని పేరును మార్చేయండి.

పీఎస్ఎఫ్ తప్ప మరేదీ దొరకకపోతే, నాఫే అనే చిన్న పనిముట్ల కట్టలోని 'పీఎస్ఎఫ్2టీఎక్స్‌టీ' ప్రతి అక్షరాన్నీ టెక్స్ట్‌లో బొమ్మలాగా రాసిస్తుంది, దిద్దాక 'టీఎక్స్‌టీ2పీఎస్ఎఫ్' తిరిగి ఫాంట్‌గా మారుస్తుంది. ఈ దారిలో యూనికోడ్ పట్టిక పోయే ప్రమాదం ఉంది. దాన్ని ముందే 'పీఎస్ఎఫ్‌గెట్‌టేబుల్'తో విడిగా తీసి ఉంచుకుని, చివర 'పీఎస్ఎఫ్‌యాడ్‌టేబుల్'తో అతికించండి. ఆ పట్టిక లేని ఫాంట్‌లో సాధారణ ఇంగ్లీషు అక్షరాలు బాగానే కనిపించవచ్చు, గీతల గుర్తులు, స్వరచిహ్నాలు గల అక్షరాలు మాత్రం తారుమారవుతాయి.

సున్నాను దిద్దడం

బీడీఎఫ్ ఫైల్‌లో ప్రతి అక్షరం 'స్టార్ట్‌చార్'తో మొదలై 'ఎండ్‌చార్'తో ముగుస్తుంది. మధ్యలో 'ఎన్‌కోడింగ్' అనే పంక్తి దాని సంఖ్యను చెబుతుంది. సున్నా కావాలంటే 48 కోసం వెతకాలి. 'బీబీఎక్స్' పంక్తిలో వెడల్పు, ఎత్తు, ఆపై ఆధారబిందువు నుంచి బొమ్మ ఎంత జరిగిందో ఉంటాయి. అక్కడ 8, 16, 0, -4 అని ఉంటే, గడి కింది 4 వరుసలు అక్షరాల పాదరేఖకు దిగువన ఉన్నాయని అర్థం. కొన్ని ఫాంట్లలో ఈ సంఖ్యలు అక్షరానికో రకంగా ఉంటాయి. అలాంటిచోట బొమ్మకు ఒక వరుస చేరిస్తే ఎత్తు సంఖ్యనూ పెంచాలి, లేకపోతే మార్చే ప్రోగ్రామ్ తప్పు చూపిస్తుంది.

'బిట్‌మ్యాప్' అన్న పంక్తి కింద వరుసకు ఒకటి చొప్పున హెక్సాడెసిమల్ సంఖ్యలు (0-9 అంకెలు, ఎ-ఎఫ్ అక్షరాలతో రాసే పదహారు ఆధారపు సంఖ్యలు) ఉంటాయి. ఆ సంఖ్యలను నేరుగా మార్చబోకండి. ముందు బొమ్మను చుక్కలతో రాసుకుని, తరువాత సంఖ్యలుగా మార్చుకోండి. ఏటవాలు గీత గల సున్నా, పైన 2, కింద 4 ఖాళీ వరుసలు వదిలేస్తే, ఇలా ఉంటుంది ('#' వెలిగిన పిక్సెల్, '.' ఆరిన పిక్సెల్):

..####..  3సి
.##..##.  66
.##..##.  66
.##.###.  6ఈ
.##.###.  6ఈ
.###.##.  76
.###.##.  76
.##..##.  66
.##..##.  66
..####..  3సి

నాలుగేసి పిక్సెళ్లకు ఒక హెక్స్ అంకె వస్తుంది: ఎడమ నాలుగు '.##.' అంటే 0110, అంటే 6. కుడి నాలుగు '###.' అంటే 1110, అంటే ఈ. సున్నా మధ్యలో ఏటవాలు గీతకు బదులు చుక్క పెడదామనుకుంటే ఈ గడిలో చోటు సరిపోదు. రెండేసి పిక్సెళ్ల మందం గల రెండు కాడల మధ్య మిగిలేది రెండు పిక్సెళ్లే, చుక్క ఆ రెండింటినీ నింపగానే వరుస 7ఈ అయిపోయి సున్నా కాస్తా ఎనిమిదిలా కనిపిస్తుంది. చుక్కే కావాలనుకుంటే కాడలను ఒక్క పిక్సెల్‌కు సన్నం చేయాలి, అప్పుడు పక్కనున్న అంకెల కన్నా సున్నా ఒక్కటే పలచగా తేలిపోతుంది. ఏటవాలు గీత ఒక్కో వరుసలో ఒక్క పిక్సెల్‌నే తీసుకుంటుంది కనుక ఈ కొలతలో అదే నప్పుతుంది.

కుడివైపు చివరి నిలువు వరుసను అక్షరాలకు వాడకుండా ఖాళీగా ఉంచండి. పక్క అక్షరంతో ఎడం ఉండేది దానివల్లే. పైగా ఎక్స్‌టర్మ్ వంటి టెర్మినల్ ఎమ్యులేటర్లు (గ్రాఫికల్ తెరపై కిటికీలో నడిచే టెర్మినళ్లు) బోల్డ్ ఫాంట్ లేనప్పుడు అదే బొమ్మను ఒక పిక్సెల్ పక్కకు జరిపి మళ్లీ గీస్తాయి, ఆ జరిగిన పిక్సెల్‌కు కూడా చోటు కావాలి. వెడల్పు 8 దాటితే ఒక్కో వరుస రెండు బైట్లు అవుతుంది. 10 పిక్సెళ్ల వరుసకు నాలుగు హెక్స్ అంకెలు రాయాలి, కుడివైపు మిగిలిన 6 బిట్లు సున్నాలుగా ఉండాలి.

గీతల గుర్తుల విషయంలో పైన చెప్పిన నియమం తలకిందులవుతుంది. మెనూల చుట్టూ చట్రాలు గీసే ఈ గుర్తులు గడి అంచు నుంచి అంచు దాకా తాకాలి. అడ్డగీత వరుస ఎఫ్ఎఫ్ కావాలి, నిలువు గీత 16 వరుసల్లోనూ ఉండాలి, మూలల గుర్తుల్లోని గీతలు కూడా సరిగ్గా ఆ వరుసలోనే, ఆ నిలువులోనే కలవాలి. ఒక్క పిక్సెల్ తప్పినా చట్రం తెగినట్లు కనిపిస్తుంది కనుక, వీటిలో ఒకదాన్ని మారిస్తే మొత్తం కుటుంబాన్నీ మార్చాలి.

పీఎస్ఎఫ్‌గా మార్చడం

దీనికి డెబియన్‌లో దొరికే 'బీడీఎఫ్2పీఎస్ఎఫ్' చాలు. దానికి వరుసగా బీడీఎఫ్ ఫైల్, ఒకే రూపంతో సరిపెట్టుకోగల అక్షరాల జాబితా, కావలసిన అక్షరాల జాబితా, 256 లేదా 512 అనే సంఖ్య, చివర కొత్త ఫైల్ పేరు ఇవ్వాలి. జాబితాల ఫైళ్లు దానితోపాటే వస్తాయి. వెడల్పు 8 కాకపోతే '--ఎఫ్‌బీ' ఐచ్ఛికం కూడా చేర్చాలి. వెడల్పు పూర్ణసంఖ్య కాదని అది మొరాయిస్తే, బీడీఎఫ్ ఫైల్‌లోని 'యావరేజ్_విడ్త్' విలువను చూడండి. అది పిక్సెల్‌లో పదో వంతు లెక్కన ఉంటుంది, కనుక 8 పిక్సెళ్లకు 80 ఉండాలి. కొత్త అక్షరం చేర్చినవారు 'చార్స్' పంక్తిలోని సంఖ్యను కూడా ఒకటి పెంచాలి.

తెరపై పరీక్ష

ఫాంట్ మార్చే ఆదేశం 'సెట్‌ఫాంట్'. ఇది నిజమైన కన్సోల్‌లోనే పనిచేస్తుంది, కనుక కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్కడికి వెళ్లి లాగిన్ కావాలి. తప్పు ఫాంట్ ఎక్కితే తెరపై ఒక్క ముక్క కూడా చదవలేరు. అందుకని ఒకే పంక్తిలో మూడు ఆదేశాలను సెమికోలన్లతో కలిపి ఇవ్వండి: కొత్త ఫాంట్ పేరుతో సెట్‌ఫాంట్, తరువాత 'స్లీప్ 20', ఆ తరువాత ఏ పేరూ లేకుండా సెట్‌ఫాంట్. ఇరవై సెకన్లకు డిఫాల్ట్ ఫాంట్ దానంతటదే తిరిగి వస్తుంది.

'షోకన్సోల్‌ఫాంట్' బొమ్మలన్నింటినీ పట్టికగా చూపిస్తుంది, ఏదైనా చెడిపోయిందా అన్నది అందులో తెలుస్తుంది. కాని అక్షరం బాగుందో లేదో తెలియాలంటే మీరు రోజూ చదివే ప్రోగ్రామ్ కోడ్‌నో లాగ్ ఫైల్‌నో తెరవాలి. ఎడిటర్‌లో పెద్దది చేసి చూసినప్పుడు ముచ్చటగా ఉన్న వంపు అసలు కొలతలో మచ్చలా మిగలవచ్చు. సున్నాలు వరుసగా వచ్చే ఐపీ చిరునామాలు, 'ఆర్', 'ఎన్' పక్కపక్కన వచ్చి 'ఎమ్'లా భ్రమపెట్టే పదాలు, కుండలీకరణాలు గుంపుగా వచ్చే పంక్తులు తప్పక చూడండి. తెర కూడా లెక్కలోకి వస్తుంది. వీజీఏ టెక్స్ట్ మోడ్ 720×400 పిక్సెళ్లను 4:3 తెరపై పరిచేది కనుక అప్పటి పిక్సెల్ వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ. నేటి తెరల చదరపు పిక్సెళ్లపై అవే పాత ఫాంట్లు కాస్త పొట్టిగా, లావుగా కనిపించేది అందుకే.

గ్రాఫికల్ టెర్మినల్‌లో, శాశ్వతంగా

అదే బీడీఎఫ్‌ను 'బీడీఎఫ్‌టుపీసీఎఫ్'తో పీసీఎఫ్‌గా (ఎక్స్ విండో సిస్టమ్ చదివే బైనరీ ఫాంట్ రూపం) మారిస్తే ఎక్స్‌టర్మ్‌లో వాడుకోవచ్చు. గ్నోమ్ టెర్మినల్ వంటి, పాంగో (అక్షరాలను తెరపై పేర్చే లైబ్రరీ) ఆధారిత టెర్మినళ్లలో మాత్రం 2019లో వచ్చిన పాంగో 1.44 నుంచి బీడీఎఫ్, పీసీఎఫ్ రెండూ పనిచేయవు. వాటికోసం ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ ఎడిటర్‌తో ఓటీబీ (ఓపెన్‌టైప్ బిట్‌మ్యాప్) రూపంలోకి మార్చుకోవాలి. మార్చాక కూడా జాబితాలో కనిపించకపోతే, బిట్‌మ్యాప్ ఫాంట్లను ఫాంట్‌కాన్ఫిగ్ (ఫాంట్లను వెతికి ఎంచే వ్యవస్థ) అమరికల్లో నిషేధించారేమో చూడండి. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఆ పని చేస్తాయి.

కన్సోల్‌లో ప్రతి బూట్‌కూ కొత్త ఫాంట్ రావాలంటే, దాన్ని వ్యవస్థ కన్సోల్ ఫాంట్లు ఉండే డైరెక్టరీలోకి చేర్చి, సిస్టమ్‌డీ (బూట్‌నూ సేవలనూ నడిపే ప్రోగ్రామ్) వాడే చోట 'ఇటిసి' డైరెక్టరీలోని 'వీకన్సోల్ డాట్ కాన్ఫ్'లో, డెబియన్, ఉబుంటులలో 'కన్సోల్-సెటప్' ఫైల్‌లో ఫాంట్ పేరు రాయాలి. బూట్ తొలి దశలో వచ్చే సందేశాలు కూడా దానిలోనే కనిపించాలనుకుంటే, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను (బూట్ తొలి దశలో వాడే చిన్న ఫైల్ వ్యవస్థ) మరోసారి తయారుచేసి రీబూట్ చేయండి.