రోజుకు ఎనిమిది వచనాలు

జనవరిలో ఆదికాండముతో మొదలుపెట్టి, లేవీయకాండము దగ్గరకు రాగానే బైబిలు చదవడం ఆగిపోతోందా? అయితే కొన్నాళ్లు 119వ కీర్తన పట్టుకోండి. 176 వచనాలు కదా అని భయపడకండి. హెబ్రీ అక్షరాల వరుసలో అది 22 భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగంలో సరిగ్గా ఎనిమిదే వచనాలు. రోజుకు ఒక భాగం చొప్పున 22 రోజుల్లో పూర్తవుతుంది.

పొద్దున ఫోను ముట్టుకోకముందే చదవండి. మనసులో కాదు, పైకి, మీ చెవికి వినబడేలా. ఆ ఎనిమిదిలో మిమ్మల్ని ఆపిన ఒక్క వచనాన్ని చీటీ మీద రాసి జేబులోనో, వంటగది గోడ మీదో పెట్టుకోండి. మధ్యాహ్నం ఎవరి మీదైనా కోపం వచ్చినప్పుడు ఒకసారి దాన్ని చూడండి. నా అనుభవంలో వాక్యం పని చేసేది అక్కడే, చదివే బల్ల దగ్గర కంటే ఎక్కువగా.

పద్నాలుగో రోజున "నీ వాక్యము నా పాదములకు దీపము" అన్న మాట వస్తుంది. పాదాలకు దీపమంటే తర్వాతి అడుగు వరకే వెలుగు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నాకు ఆ ఒక్క అడుగే చాలింది.

ఒక రోజు తప్పిపోతే రెండు భాగాలు కలిపి చదవకండి, ఆగిన చోటి నుంచే కొనసాగించండి.