రక్తం వద్దనే పేషెంట్ వస్తే ఏం చేయాలి?

యెహోవా సాక్షులు (ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) ఆపరేషన్‌కి వస్తే "రక్తం ఎక్కించొద్దు" అంటారు. 1945 నుంచీ వాళ్ల మతంలో ఉన్న నియమం ఇది, మీరు కాసేపు వాదిస్తే మారేది కాదు, కాబట్టి ఆ టైమ్‌ని వేరే పనికి వాడండి.

ముందు బంధువుల్ని బయటికి పంపి పేషెంట్‌తో విడిగా మాట్లాడండి. ఇంట్లోవాళ్ల ఒత్తిడి ఎటువైపైనా ఉండొచ్చు. చాలామంది దగ్గర రక్తం వద్దని సంతకం చేసిన కార్డు ఉంటుంది, కాపీ తీసి ఫైల్లో పెట్టండి. తర్వాత ఒక్కొక్కటీ అడగాలి: ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వద్దంటారు గానీ రక్తం నుంచి వేరుచేసిన అల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్ లాంటి ప్రొటీన్లు, ఆపరేషన్‌లో కారిన సొంత రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కించే మెషిన్, ఇవన్నీ ఎవరి మనస్సాక్షికి వాళ్లకే వదిలేశారు. "వీళ్లంతా ఇంతే" అని రాసేస్తే పేషెంట్ ఒప్పుకునే మందు కూడా అందకుండా పోతుంది.

టైమ్ ఉంటే హిమోగ్లోబిన్ చూసి, ఐరన్ తక్కువుంటే పెంచి, అప్పుడు డేట్ ఇవ్వండి. రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ సంగతి అనెస్థీషియా డాక్టర్‌తో మాట్లాడండి. పరీక్షలకీ రక్తం తక్కువే తీయండి, ఇది చాలామందికి గుర్తుండదు. ప్రాణాపాయం ఉంటే దాచకుండా స్పష్టంగా చెప్పి రాయించుకోండి, అంతేగానీ ప్రతి రౌండ్‌లో బెదిరించక్కర్లేదు. పిల్లల కేసైతే మీరే తేల్చేయొద్దు, వెంటనే సీనియర్‌కి, లీగల్ వాళ్లకి చెప్పండి.