ఎలాన్ లోయలో గ్రావెల్ (కంకర దారి) సైకిలు: ముందు టైరు గాలి లెక్క చూసుకోండి

వేల్స్‌లోని రేయడర్ ఊరి శివారు నుంచి ఈ లోయలోని క్రెయిగ్ గోక్ ఆనకట్ట దాకా సుమారు 14 కిలోమీటర్లు. ఆనకట్టలు కట్టేందుకు వేసిన పాత రైలు దారి ఇది, అందుకే ఎక్కుడు చాలావరకు మెల్లగానే ఉంటుంది. రోడ్డు దాటేచోట్ల తప్ప కార్ల బెడద లేదు.

40 మి.మీ. టైరుకి, 70 కిలోల మనిషికి ముందు చక్రంలో 30, వెనక చక్రంలో 34 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. బొటనవేలి నొక్కుడు లెక్క కాదు, గేజీ పెట్టాల్సిందే. గాలి మరీ తగ్గితే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఎక్కువైతే చక్రం కంకర మీద ఎగిరి పట్టు పోతుంది.

తిరుగు దారిలో వాలు మీద మలుపుకి ముందే వేగం తగ్గించండి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం జారినట్టే. గొర్రెలు అడ్డొస్తాయి, గంట ఉంచుకోండి. స్పేర్ ట్యూబులు రెండు, వాన కోటు ఒకటి.