వాషింగ్ మెషిన్‌లో ఇరుక్కున్న గుర్రపు వెంట్రుకలు తీయడం ఎలా?

ఇంట్లో ఎవరైనా గుర్రపు స్వారీ నేర్చుకుంటుంటే వాళ్ల ప్యాంట్లు, సాక్సులు, జీను కింద వేసే ప్యాడ్ ఏదో ఒక రోజు ఇంటి మెషిన్‌లో పడక తప్పదు. ఆ మర్నాడు ఆఫీసు చొక్కా కాలర్‌లో ఏదో సూదిలా గుచ్చుకుంటుంది. తీసి చూస్తే గోధుమ రంగు వెంట్రుక! వెంటనే ఎవరికైనా తోచేది మెషిన్‌ని ఖాళీగా ఇంకో రెండుసార్లు తిప్పడం. ఆ పని ముందే చేయకండి. డ్రమ్‌లో ఉన్న వెంట్రుకలు కాస్తా పంపు దాకా పోయి కూర్చుంటాయి. వీలైనంత బొచ్చు పొడిగా ఉన్నప్పుడే తీసేయాలి, నీళ్ల పని ఆఖర్న.

గుర్రం ఒంటి మీది వెంట్రుక పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. బట్ట నేతలోకి, రబ్బరు మడతల్లోకి నిలువునా దిగిపోతుంది. జూలు, తోక వెంట్రుకలది ఇంకో రకం ఇబ్బంది. అవి పొడుగ్గా ఉండి, తిరిగే భాగం ఏది దొరికితే దానికి చుట్టుకుంటాయి. చలికాలపు బొచ్చు రాలడం ఎండల వల్ల అనుకుంటాం కానీ అసలు కారణం పగటి పొద్దు పెరగడం. అందుకే మన దగ్గర ఇంకా ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ బెడద ఎక్కువ. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్నవాళ్లకైతే చెప్పక్కర్లేదు. అక్కడి చలికి గుర్రాలకు దట్టంగా బొచ్చు పెరుగుతుంది, వసంతంలో కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది.

1. ప్లగ్ తీసి, ఆరనివ్వండి

మెషిన్ తలుపు తెరిచి ఒక రాత్రంతా వదిలేయండి. తడి వెంట్రుక స్టీలుకు అతుక్కుంటుంది, ఆరితే తేలిగ్గా వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు తెరిచి ఉంచినంతసేపూ ఆ గదిలోకి వెళ్లనివ్వకండి. ఆరాక వాక్యూమ్ క్లీనర్‌కి సన్నటి మూతి తగిలించి డ్రమ్ అంతా లాగేయండి. వాక్యూమ్ లేకపోతే పార్శిళ్లకు వేసే వెడల్పాటి టేపును జిగురు వైపు బయటికి వచ్చేలా చేతికి చుట్టుకుని అద్దండి. డ్రమ్ చిల్లుల్లో నిలబడి ఉన్నవాటిని ప్లక్కర్‌తో లాగాలి. వేలితో నెడితే అవతలికి పడతాయి, ఇక వాటిని అందుకోలేం.

2. తలుపు రబ్బరు

ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో బొచ్చు బాగా చేరే చోటు ఇదే. రబ్బరు మడతను వేళ్లతో వెనక్కి తిప్పి, ముఖ్యంగా అడుగు భాగంలో చూడండి. నీళ్లు పోవడానికి అక్కడ చిన్న కన్నాలుంటాయి, వాటి చుట్టూ నలుపు, జిగురు, బొచ్చు కలిసి పేరుకుంటాయి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు వేసుకుని, కొద్దిగా తడిపి, ఒకే దిశలో రాయండి. బొచ్చు ఒక చోటికి చేరుతుంది, పట్టుకుని తీసేయొచ్చు. పాత టూత్‌బ్రష్ వాడొచ్చు గానీ కత్తి, స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు. రబ్బరు చిరిగితే కొత్తది వేయించాల్సిందే.

3. అడుగున ఉండే ఫిల్టర్

నీళ్లు సరిగా పోవడం లేదంటే ముందు ఇక్కడే చూడాలి. ఎల్‌జీ మెషిన్‌లో ఓఈ అని, శాంసంగ్‌లో 5సీ అని కనిపిస్తే నీళ్లు బయటికి పోవడం లేదని అర్థం. వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారేదాకా ఆగండి. ముందు భాగంలో కింద మూలన ఉండే చిన్న మూత తెరిచి, పాత తువ్వాలు పరిచి, అంచు తక్కువగా ఉన్న పళ్లెం పెట్టండి. పక్కన సన్నటి పైపు ఉంటే దాంతో నీళ్లు వంపేశాకే ఫిల్టర్‌ను ఎడమవైపుకి తిప్పండి. ఒక్కసారిగా లాగితే గదంతా చెరువే.

ఫిల్టర్ కడగడంతో పని అయిపోయిందనుకోవద్దు. అది బిగించే గుంతలోకి టార్చి వేసి చూస్తే లోపల పంపు తాలూకు చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. తోక వెంట్రుకలు చుట్టుకునేది దానికే. ప్లక్కర్‌తో కొస పట్టుకుని మెల్లగా విప్పండి. చక్రాన్ని వేలితో కదిపితే ఆగుతూ ఆగుతూ తిరగొచ్చు, అది మామూలే. అసలు కదలకపోతే మెకానిక్‌ని పిలవండి.

టాప్ లోడ్ మెషిన్ అయితే డ్రమ్ గోడకు ఉండే జాలీ సంచిని తీసి, తిరగేసి కడగాలి. అడుగున తిరిగే పళ్లెం కింద కూడా బొచ్చు చేరుతుంది. మధ్యలో ఒక స్క్రూ విప్పితే చాలా మోడళ్లలో అది పైకి వచ్చేస్తుంది. వారంటీలో ఉంటే మాత్రం ఆ పని కంపెనీ మనిషికే వదిలేయడం మంచిది.

4. ఇప్పుడు నీళ్లు

మెషిన్‌లో టబ్ క్లీన్ ఉంటే అది, లేకపోతే 60 డిగ్రీల వేడిలో ఖాళీగా ఒకసారి తిప్పండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో డ్రమ్ మీద తెల్లటి పొర గరుకుగా కట్టి ఉంటుంది, వెంట్రుకలు దాన్ని పట్టుకుంటాయి. అలాంటప్పుడు ముందు డీస్కేలర్ పొడి వేసి తిప్పాలి. వెనిగర్, బ్లీచ్ కలిపి పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, విషవాయువు పుడుతుంది. ఆ తర్వాత రెండు మూడు పాత తువ్వాళ్లు వేసి మామూలుగా ఉతికితే మిగిలిన బొచ్చు వాటికి అంటుకుని వస్తుంది. ఫిల్టర్‌ను ఇంకోసారి కడిగి బిగించండి.

మళ్లీ రాకుండా

ప్యాడ్‌ను గుర్రపుశాల దగ్గరే ఎండలో ఆరేసి, గుర్రాన్ని తోమే రబ్బరు బ్రష్‌తో గీకేయండి. చెమట తడి మీద గీకితే ఏమీ రాదు, ఎండాలి. వెల్క్రో పట్టీలు మూసేసి, జిప్ ఉన్న సన్నటి జాలీ సంచిలోనో పాత దిండు గలేబులోనో పెట్టి ఉతకండి. మందపాటి ప్యాడ్ తడిస్తే చాలా బరువెక్కుతుంది, ఒకటి ఒకటిగా వేయడమే నయం. గుర్రానికి తామర ఉందని తెలిస్తే ఆ బట్టలు గ్లౌజులతో ముట్టుకుని విడిగా ఉతకాలి, అది మనుషులకూ అంటుకుంటుంది.

గుర్రం మీద కప్పే పెద్ద దుప్పట్లయితే ఇంటి మెషిన్‌లో వేయకపోవడమే మంచిది. విదేశాల్లో చాలా లాండ్రీల్లో గుర్రపు దుప్పట్లు తేవద్దని బోర్డు పెట్టేది ఈ బొచ్చుకు భయపడే. వాటిని ఆరుబయట పైపు పెట్టి కడిగి దండెం మీద ఆరేయండి. బాత్‌రూమ్‌లో కడిగితే మోరీ జాలీ మీద ఒక పాత గుడ్డ పరవండి.