చిన్న కంప్యూటర్ క్యాబినెట్‌లో కేబుళ్లు కలిపే ముందు ఈ జాగ్రత్తలు

చిన్న కంప్యూటర్లలో వాడే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు పొడవూ వెడల్పూ 17 సెంటీమీటర్లే. దాని చుట్టూ ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా), ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్, గ్రాఫిక్స్ కార్డు సర్దాక చెయ్యి పట్టే జాగా మిగలదు. పెద్ద క్యాబినెట్‌లో కేబుల్ ఎలా పడి ఉన్నా నడిచిపోతుంది. ఇందులో ఒక్క వైరు అడ్డం వచ్చినా మూత పడదు. అప్పుడు చాలామంది గట్టిగా నొక్కేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, వైరింగ్ సరిగా లేని ఇళ్లలో స్విచ్ ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి కలిపి ఉంటుంది. తర్వాత పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన ఛార్జ్ ఖాళీ అవుతుంది. పెయింట్ లేని ఇనుప భాగాన్ని ముట్టుకుని పనిలోకి దిగండి, ఒంట్లో స్టాటిక్ పోతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ప్లగ్గు తీసినా విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చే వోల్టేజి నిలిచి ఉండొచ్చు.

మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకోగలిగేది) వాడేవాళ్లకు ఒక మాట మరీ మరీ చెప్పాలి. దానితోపాటు వచ్చిన కేబుళ్లే వాడండి. ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు, పాత కేబుళ్లు చక్కగా సర్ది ఉన్నాయి కదా అని వాటినే కొత్తదానికి గుచ్చేస్తుంటారు. మదర్‌బోర్డు, డిస్క్ వైపు పిన్నుల వరుస అంతటా ఒకటే. ఎస్ఎంపీఎస్ వైపు మాత్రం కంపెనీకో తీరు, ఒకే కంపెనీ మోడళ్లలోనూ తేడా ఉండొచ్చు. కేబుల్ హాయిగా దూరిపోతుంది. కానీ 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వస్తే హార్డ్‌డిస్క్ క్షణంలో కాలిపోతుంది. డిస్క్ మళ్లీ కొనుక్కోవచ్చు, అందులోని పిల్లల ఫొటోలు ఎక్కడ కొంటాం?

ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కేబుల్‌నీ, ఫ్రంట్ ప్యానెల్ (ముందువైపు పవర్ బటన్, లైట్ల) సన్న వైర్లనీ కూలర్ బిగించకముందే పెట్టేయండి, తర్వాత అక్కడికి వేళ్లు వెళ్లవు. ప్రాసెసర్ కేబుల్ 4+4గా, గ్రాఫిక్స్ కేబుల్ 6+2గా విడిపోతుంది. రెండూ ఒకేలా కనిపించినా 12 వోల్టుల వరుస, గ్రౌండ్ వరుస తారుమారుగా ఉంటాయి. దూరకపోతే బలవంతం చేయొద్దు. యూఎస్‌బీ 3 హెడర్ (బోర్డు మీది పిన్నుల సాకెట్) దగ్గర ఇంకా నెమ్మది కావాలి. ఆ 19 పిన్నులూ సన్నవి, కాస్త ఏటవాలుగా గుచ్చినా వంగిపోతాయి. తీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా కనెక్టర్‌నే పట్టుకుని నిటారుగా పైకి తీయాలి.

కొత్త గ్రాఫిక్స్ కార్డుల 16 పిన్నుల కేబుల్ గుండా 600 వాట్ల దాకా పవర్ వెళ్తుంది. 2022లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు వచ్చాక ఈ కనెక్టర్లు కరిగిన ఘటనలు బయటపడ్డాయి. పూర్తిగా లోపలికి దిగకపోవడం అందులో ఒక ప్రధాన కారణం. క్లిక్‌మన్నాక కూడా టార్చి వేసి సందు లేదని చూసుకోండి. కనెక్టర్ దగ్గర నుంచి 3.5 సెంటీమీటర్ల వరకు కేబుల్ వంచకూడదు. అంత ఖాళీ లేకపోతే ఆ కార్డు ఆ క్యాబినెట్‌కి పనికిరాదు. కాబట్టి కొనేముందే టేపు పెట్టి కొలుచుకోండి.

మూత పెట్టేముందు ఫ్యాన్లను వేలితో తిప్పి చూడండి, రెక్కలకు ఏ వైరూ తగలకూడదు. ఆన్ చేశాక కాలిన వాసన వస్తే ఏ బటనూ నొక్కకుండా నేరుగా ప్లగ్గు పీకేయండి.