దుంప మారితే కూర మారుతుంది: చిలగడదుంప, పెండలం, కంద చిక్కులు

దప్పళంలో వేసిన చిలగడదుంప కరిగి ముద్దయింది

కారణం: తప్పు మీ చేతిది కాదు, రకానిది. గుజ్జు నారింజ రంగులో ఉండే రకంలో నీరెక్కువ, పిండి తక్కువ. ఉడికితే జారిపోతుంది. మన సంతల్లో ఎక్కువగా కనిపించే ఎర్ర తొక్క, తెల్ల గుజ్జు రకంలో పిండి ఎక్కువ. తింటుంటే కాస్త గొంతు పట్టేస్తుంది గానీ ముక్క విరగదు.

పరిష్కారం: పులుసుకీ వేపుడుకీ తెల్లదే కొనండి. నారింజ రంగుదే చేతిలో ఉంటే పెద్ద ముక్కలు కోసి, నేరుగా చింతపండు పులుసులోనే వేయండి. పులుపు తగిలితే ముక్క తొందరగా మెత్తబడదు. తొక్క రంగును మాత్రం నమ్మకండి. గోటితో గీరితే లోపలి రంగు తెలిసిపోతుంది.

అమెరికాలో ‘యామ్’ అని చూసి కొంటే, కంద వేపుడు తియ్యగా వచ్చింది

అక్కడి సూపర్‌మార్కెట్లో యామ్ అంటే చాలాసార్లు నారింజ చిలగడదుంపే. 1930ల్లో లూయిజియానా వాళ్లు తమ మెత్తటి రకాన్ని వేరే రాష్ట్రాల పొడి రకాలతో కలిసిపోకుండా అమ్ముకోడానికి ఆ పేరు తగిలించారు. వ్యాపారం బాగానే నడిచింది, తిప్పలు మాత్రం మనకి మిగిలాయి.

అసలు యామ్ అంటే మన పెండలం జాతి. చిలగడదుంప దానికి ఏమీ కాదు, తూటికూరకి దగ్గర చుట్టం. కంద ఈ రెండిటికీ చెందదు, చేమదుంప కుటుంబం.

కాబట్టి లేబుల్ పక్కన పెట్టి దుంపని చూడండి. తొక్క పల్చగా ఉండి రెండు కొసలూ సన్నబడితే చిలగడదుంప. తొక్క బెరడులా గరుగ్గా ఉండి, కోస్తే జిగురొస్తే పెండలం. గుండ్రంగా, బల్లపరుపుగా, నడుమ గుంటతో ఉంటే కంద. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లో ‘సూరన్’ పేరుతో కంద ముక్కలు దొరుకుతాయి.

కంద తిన్నాక గొంతు దురద

కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. అవే గుచ్చుకుంటాయి. చేతికి నూనె రాసుకుని తడి లేకుండా కోయండి, చింతపండు రసంలోనో మజ్జిగలోనో పూర్తిగా ఉడికించండి. కంద బచ్చలిలో పులుపు ఊరికే పడలేదు. కొవ్వూరు ప్రాంతం నుంచి ఎంపిక చేసిన ‘గజేంద్ర’ రకానికి దురద బాగా తక్కువ, దొరికితే వదలొద్దు.

చిలగడదుంప చప్పగా ఉంది

అప్పుడే తవ్విందైతే అంతే. కొన్నాళ్లు గాలి తగిలేచోట ఉంచండి. మైక్రోవేవ్‌లో చేసినా చప్పబడుతుంది. దుంపలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైము సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. మైక్రోవేవ్ ఆ వేడిని క్షణాల్లో దాటేస్తే దానికి టైమెక్కడిది? సన్నటి సెగ మీద, లేదా నిప్పుల బూడిదలో నిదానంగా కాల్చండి.

ఉడికినా నడుమ గట్టిగా ఉంది

ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు. పచ్చి చిలగడదుంప ఆ చలికి పాడవుతుంది, బయటే ఉంచండి.

ఊదా దుంప బజ్జీ పచ్చగా మారింది

వంటసోడా పని. ఊదా రంగు సోడా తగిలితే నీలంగా, ఆకుపచ్చగా తిరుగుతుంది. తిన్నా ఏమీ కాదు, చూడ్డానికే బాగోదు. ఈసారి పిండిలో సోడా మానేయండి.

చిల్లులు, చేదు వాసన

చిలగడదుంపకి ముక్కుపురుగు పట్టింది. పురుగు తొలిచినప్పుడు దుంపలో పుట్టే చేదు విషాలు ఉడికించినా పోవు. కోసి బాగు చేద్దామనుకోకండి, మొత్తం దుంప పారేయండి, పశువులకీ వేయొద్దు.